నాన్న కారు, నాగపూర్ దారి

కడప,
6 జనవరి 2025

సోమశేఖర్,

నువ్వు బాగున్నావా అని అడగడం లేదు. బాగోలేకపోవడానికి మనిషికి కొంచెమైనా ఆలోచన ఉండాలి, అది నీకు చిన్నప్పటి నుంచీ లేదు. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, నీ నంబరు మూడేళ్ల కిందటే తీసేశాను. పైగా ఫోన్లో అయితే నేను ఒక వాక్యం పూర్తి చేసేలోపల నువ్వు మూడు అబద్ధాలు ఆడతావు. కాగితం మీద ఆ సౌకర్యం ఉండదు.

అమ్మ పోయాక పంపకాల్లో కోడుమూరు ఇల్లు నీకు, నాన్న కారు నాకు వచ్చాయి. నువ్వు ఆ 1976 అంబాసిడర్‌ను లారీకెక్కించి కడపకు పంపినప్పుడు ఇంజన్ మీద కార్బురేటర్ లేదు. అడిగితే "కడిగి దాచిపెట్టినాలే, తర్వాత పంపిస్తా" అన్నావు. ఆ "తర్వాత" ఇంకా రాలేదు. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నన్నాళ్లూ నాకూ తీరిక లేదు. ఇప్పుడు రిటైరయ్యాను.

ఏప్రిల్ చివర్లో ఆ కారులో నాగపూర్ పోతున్నాను. నేనే తోలుకుంటూ. నాన్న ఏటా ఉగాది దాటాక కోడుమూరు చీరల మూటలు వెనక సీట్లో కుక్కి హైదరాబాదు, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పోయేవాడే, అదే దారిలో. నిన్ను పదకొండు సార్లు తీసుకుపోయాడు. నేను ఒక్కసారి అడిగితే, "ఆడపిల్లవు, మూటల మధ్యన యాడ కూచుంటావమ్మా?" అన్నాడు. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో ఫస్టు వచ్చిన ఏడాది కూడా నాకు ఆ మూటల మధ్య చోటు దొరకలేదు. పదకొండు సార్లు పోయివచ్చి నువ్వు సంపాదించిన జ్ఞానమల్లా నాగపూర్‌లో నారింజలు ఉంటాయని.

కాబట్టి ఆ కార్బురేటర్ పార్సిల్ చేయి. గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు అందించే పిడికెడు లోహపు ముక్క అది. నీకు బరువేమీ కాదు. స్క్రూలు కూడా పంపు. నువ్వు స్క్రూలు పోగొట్టే రకం.

శశికళ
(అక్క అని రాయబుద్ధి కాలేదు)


కోడుమూరు,
20 జనవరి 2025

లెక్చరర్ శశికళమ్మ గారి సముఖానికి, బోరు మోటార్లకు రాగి వైరు చుట్టుకుని బతికే తమ్ముడు రాసుకునేది.

ఉత్తరం అందింది. పోస్ట్‌మ్యాన్ కవరు అటూ ఇటూ తిప్పి, "ఏమప్పా, కోర్టు నోటీసా?" అన్నాడు. "దానికంటే శానా పెద్దదిలే" అన్నాను.

రిటైరైన వాళ్లు మామూలుగా మహానందికి పోయి కోనేట్లో నాలుగు మునకలేసి వస్తారు. నీకు నాగపూర్ కావలసి వచ్చింది. గండికోట దాకా ఒకసారి కారు తోలినందుకే నెల రోజులు ఫోటోలు పెట్టావని నీ మరదలు హులిగెమ్మ చెప్పింది. గండికోట నీ ఇంటికి ఎంత దూరం? నాగపూర్ తొమ్మిది వందల కిలోమీటర్లు. అది కూడా ఏప్రిల్ ఎండలో, నలభై తొమ్మిదేళ్ల కారులో.

కార్బురేటర్ భద్రంగానే ఉంది. పంపను. అది పాతకాలపు సామాను. చెత్త అడ్డం పడితే నిలిచిపోతుంది, ఎండ ముదిరితే నిలిచిపోతుంది, దాని మీద భరోసా పెట్టుకుని దూరం పోయేవాడు మూర్ఖుడు. అంత పోవాలని ఉంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించుకో. ఈ కాలం కార్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. చిన్న కంప్యూటర్ పెట్టె గాలి ఎంత వస్తుందో కొలుచుకుని, పెట్రోలును గట్టి ఒత్తిడితో చిమ్ముతుంది. ఎండకు మరగదు, చోకు పీకే పని లేదు. పాత కార్లకు కూడా పెడుతున్నారని మా షాపుకు వచ్చిన వాళ్లు చెప్పారు. చదువుకున్న దానివి, ఈ మాట నేను చెప్పాల్సి రావడం నీకే సిగ్గు.

కారు అమ్మేయడం ఇంకా మంచిది.

నీ ఆశీస్సులు అక్కర లేని,
సోమశేఖర్


కడప,
3 ఫిబ్రవరి 2025

సోమశేఖర్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వడానికి, రెండోసారి తప్పులు దిద్దడానికి.

నువ్వు చెప్పావు కదా అని, నీ మీద గౌరవంతో కాదు, విషయం మీద గౌరవంతో, ఇక్కడ రంగనాథ్ అనే గ్యారేజీ యజమానిని కలిశాను. చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకున్న మనిషి. "మేడమ్, ఇంజెక్షన్ ఏసినామంటే మీ బండి రాకెట్ మాదిరి పోతాది" అన్నాడు. ఇంతకు ముందు ఎన్ని అంబాసిడర్లకు వేశావని అడిగాను. "మీదే మొదటిది మేడమ్, అందుకే శానా శ్రద్ధగా చేస్తా" అన్నాడు. ట్యాంకు కోయాలి, కొత్త పంపు దింపాలి, పొగగొట్టానికి కన్నం పెట్టి సెన్సార్ బిగించాలి, డైనమో తీసేసి పెద్దది వేయాలి. అంటే నాన్న కారు పోయి రంగనాథ్ కారు వస్తుంది.

అదీ పెద్ద విషయం కాదు. ఆదిలాబాద్ అడవిలో ఆ కంప్యూటర్ పెట్టె చచ్చిందనుకో. నేను ఎవరి మొహం చూడాలి? కార్బురేటర్ అయితే ఒక స్క్రూడ్రైవర్ చాలు, పెట్రోలు చిమ్మే సన్న కన్నం జెట్టు తీసి నోటితో ఊదుకోవచ్చు. పల్లెలో సైకిల్ షాపు వాడు కూడా చూడగలడు. కార్బురేటర్ చెడితే కారు కుంటుకుంటూనైనా ఊరు చేరుస్తుంది. ఇంజెక్షన్ చెడితే అది రోడ్డు పక్కన శవం. దూరం పోయేవాడికి కావలసింది ఎప్పుడూ చెడని యంత్రం కాదు, అట్లాంటిది లేదు. చెడినప్పుడు నా చేతికి లొంగే యంత్రం కావాలి.

ఎండకు నిలిచిపోతుందని నాకు పాఠం చెప్పే అర్హత లోకంలో అందరికీ ఉండొచ్చు, నీకు లేదు. కార్బురేటర్‌ను ఆరు నెలలకొకసారి శుభ్రం చేసే మనిషి దగ్గర ఆ కారు ఉండుంటే, అమ్మ ఆ రోజు కర్నూలు ఆసుపత్రికి గంట ఆలస్యంగా చేరేది కాదు. నాలుగో రోజు మనం ఆమెను మోసుకుని తిరిగి వచ్చేవాళ్లం కాదు. ఈ మాట నేను నీతో పదిసార్లు అన్నాను. కాగితం మీద ఇదే మొదటిసారి. దాచుకో.

పార్సిల్ కోసం చూస్తాను.

శశికళ


కోడుమూరు,
15 ఫిబ్రవరి 2025

అక్కకు,

ఇంత పీకులాట ఎందుకు. పార్సిల్ పంపుతున్నాను. నీకు కావలసింది అందులో ఉంది. ఇంక ఉత్తరాలు వద్దు.

సోమశేఖర్


కడప,
24 ఫిబ్రవరి 2025

సోమశేఖర్,

పార్సిల్ విప్పాను. అందులో ఉన్నది జీపు కార్బురేటర్. నాన్న కారుది కాదు, ఏ కారుదీ కాదు. మన ఇంజన్ మీద కూర్చోబెడితే బోల్టు రంధ్రాలు వేలెడు దూరంలో ఉన్నాయి. పైగా ఇది కర్నూలులో పాత సామాన్ల గుజిరీలో కొన్నదని దాని మీద అతికించిన చీటీయే చెబుతోంది. మోసం చేయడానికి కూడా ఓపిక ఉండాలి తమ్ముడూ, కనీసం చీటీ గోకేయాలి.

నువ్వు ఏం చేశావో నాకు అర్థమైంది. ఆ కార్బురేటర్ ఎవడికో అమ్ముకున్నావు. అందుకే ఇంజెక్షన్ మీద నీకు అంత ప్రేమ పుట్టింది. అందుకే కారే అమ్మేయమన్నావు. నేనేమో, పాపం వీడు కొత్త విషయాలు చదువుతున్నాడే అని ఒక రోజు, ఒకే ఒక రోజు, నీ గురించి మంచిగా అనుకున్నాను. ఆ రోజును వెనక్కి తీసుకుంటున్నాను.

నాన్న ఆ కార్బురేటర్‌ను దీపావళికి దీపావళికి పాత పంచెతో తుడిచేవాడు. నువ్వు దాన్ని పాత ఇనుము కింద తూకానికి వేశావు. ఇంతకంటే నీ నుంచి ఎదురుచూడటం నాదే తప్పు.

శశికళ


కోడుమూరు,
3 మార్చి 2025

అవును. అమ్ముకున్నాను. ఇప్పుడు నీకు తృప్తే కదా.

సోమశేఖర్


కడప,
12 మార్చి 2025

సోమూ,

నిన్న పొద్దున గేటు ముందు ఒక పెద్దమనిషి నిలబడి కారు వైపు చూస్తున్నాడు. ఎవరు కావాలని అడిగాను. "నా పేరు దేవేంద్రప్ప, కోడుమూరు. ఈడ మార్కెట్టుకు ఎర్రగడ్డలు దింపను వస్చినా. ఈ కారు నేను సూసిందే" అన్నాడు. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను.

ఆ రోజు మిమ్మల్ని ఆసుపత్రికి చేర్చిన లారీ ఆయనదేనట. లారీలో తీసుకుపోయారని తెలుసు గాని, ఎవరిదని నేను ఎప్పుడూ అడగలేదు. ఆయన పేరు కూడా తెలుసుకోకుండా మూడేళ్లు గడిపాను.

"మీ తమ్ముడు అట్లే సేతిలో ఆ సామాను పట్టుకోనే లారీ ఎక్కినాడమ్మా" అన్నాడు. "పెట్రోలు వాసన కొడతాండాది, కాలతాండాది, అయినా ఇడ్సలేదు. కర్నూల్లో హంద్రీ వంతెన మింద ట్రాఫిక్ నిలబడిండాది. ఉన్నట్టుండి కిటికీలోంచి ఇసిరేసినాడు. నేనేమీ అడగలేదు. అడిగే మాదిరి లేడు."

నువ్వు అమ్ముకోలేదు. అమ్ముకున్నానని నాకు రాసి ఇచ్చావు. ఎందుకు? దొంగ అనిపించుకోవడం అంత సులువైపోయిందా నీకు?

ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి రాయి. నేను నిన్ను ఎన్నడూ అడగలేదని ఇప్పుడే గుర్తొచ్చింది. కారు ఎట్లా ఆగింది, ఆగే ముందు ఏమి చప్పుడు చేసింది, నువ్వు విప్పినప్పుడు లోపల ఏముంది. ఏడుపులు వద్దు, జరిగింది కావాలి.

శశికళ


కోడుమూరు,
21 మార్చి 2025

అక్కా,

దేవేంద్రప్ప మంచివాడే గాని నోట్లో నువ్వుగింజ నానదు.

జరిగింది కావాలన్నావు. విను. మే పదిహేడు, మధ్యాహ్నం. అమ్మ చింతపండు పిక్కలు తీస్తూ తీస్తూ పక్కకు ఒరిగింది. మూతి ఒక వైపుకు పోయింది. పెళ్లిళ్ల రోజులు, ఊళ్లో జీపులన్నీ పోయి ఉన్నాయి. రెండు గంటలకు అమ్మను నాన్న కార్లో వెనక సీట్లో పడుకోబెట్టాము, తల హులిగెమ్మ ఒళ్లో. ఎండ ఎట్లా ఉందంటే స్టీరింగ్‌కు గుడ్డ చుట్టి పట్టుకున్నాను.

ఇరవై కిలోమీటర్లు బాగానే వచ్చింది. తర్వాత రెండు మూడు సార్లు దగ్గినట్టు చేసి, ఆగిపోయింది. చుట్టుపక్కల ఒక చెట్టు లేదు. బానెట్ ఎత్తాను. మోటార్లు విప్పేవాడినే కదా, కార్బురేటర్ విప్పాను. చేతులు కాలాయి, ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, చెత్త ఏమీ లేదు. అంతకు నెల ముందే నేను దాన్ని శుభ్రం చేశాను. పెట్రోలు నిలవుండే దాని గిన్నెలో చుక్క కూడా లేదు. మూతకు కొంచెం తడి, అంతే. ట్యాంకులో సగానికి పైగా ఉంది. జెట్టు ఊదాను. ఊదుతున్నంతసేపూ అమ్మ ఏదో అంటోంది. హులిగెమ్మ, "కారు చెడిందా నాయనా అంటాంది" అని చెప్పింది. "లేదుమా, అయిపాయ, పోతాండాం" అన్నాను.

పది నిమిషాలు అయి ఉంటుంది, నువ్వనే గంటలో మిగతాది లారీ నడకకు, ట్రాఫిక్‌కు పోయింది. మూడు బండ్లు ఆగకుండా పోయాయి. నాలుగోది దేవేంద్రప్ప లారీ. అమ్మను క్యాబిన్లో వెనక బల్ల మీదికి ఎక్కించాము. చేతిలో అది ఉందని నాకు తెలియనే తెలియదు. వంతెన మీద చూసుకున్నాను.

తర్వాతి సంగతి నీకు తెలుసు. రాత్రికి నువ్వు కడప నుంచి బస్సు దిగి వచ్చావు. అందరి ముందర మొట్టమొదట నువ్వు అన్న మాట, "కారునే చూసుకోలేనోడివి, అమ్మనేం చూసుకుంటావు." దాని మీద నేనేం చెప్పాలి? పోయిన నెలలోనే శుభ్రం చేశానని చెప్పనా? అప్పుడు నువ్వు, మరెందుకు ఆగిందంటావు. నాకు తెలియదు. ఈ రోజుకీ తెలియదు. తెలియదని చెప్పడం కంటే నా తప్పే అని ఊరుకోవడం మేలనిపించింది.

కార్బురేటర్ హంద్రీలో వేశానంటే నువ్వు ఇంకో పదేళ్లు తిడతావు. అమ్ముకున్నానంటే రెండేళ్లతో పోతుందనుకున్నాను.

సోమశేఖర్


కడప,
29 మార్చి 2025

సోమూ,

నీ ఉత్తరంలో ఒక్క వాక్యం నాకు కావలసింది. గిన్నెలో పెట్రోలు చుక్క లేదు, ట్యాంకులో సగం ఉంది. అంటే తప్పు కార్బురేటర్‌ది కాదు. దానికి పెట్రోలే చేరలేదు.

టార్చి పట్టుకుని కారు కిందికి దూరాను. అరవై రెండేళ్ల ఆడది కారు కింద పడుకుంటే పక్కింటి రెజీనా పరుగెత్తుకొచ్చింది, ప్రాణం పోయిందేమోనని. ట్యాంకు నుంచి ముందుకు వచ్చే రాగి గొట్టం మధ్యలో తెగి ఉంది. ఆ తెగినచోట నల్ల రబ్బరు ట్యూబు ఒకటి మూరెడు పొడవున వేసి, నూలు దారంతో కట్టారు. పొగగొట్టానికి రెండు వేళ్ల దూరంలో పోతోంది. ఆ దారం ముడి చూశాను. మగ్గం మీద తెగిన పోగు అతికే ముడి. నువ్వు ఏనాడూ మగ్గం ఎక్కలేదు. అది నాన్న వేసింది. పోయిన ఈ పదిహేనేళ్లూ మనం దేవుడనుకున్న హనుమన్న గారు, రాగి గొట్టం మార్పించడానికి బద్ధకించి దారంతో కట్టి వదిలేశారు.

ఆ ఎండకు, ఆ పొగగొట్టం వేడికి, ట్యూబులోనే పెట్రోలు మరిగి ఆవిరైపోయింది. ముందర ఇంజన్‌కు బిగించిన పంపు ఆవిరిని పీల్చలేక వట్టిగా కొట్టుకుంది. పైగా ఇప్పటి పెట్రోల్లో స్పిరిట్ కలుస్తోంది, అది ఇంకా తొందరగా ఆవిరవుతుంది. నువ్వు కార్బురేటర్ విప్పకుండా, పంపు మీద, గొట్టం మీద తడిగుడ్డ వేసి ఒక అరగంట ఊరికే నిలబడి ఉంటే కారు దానంతటదే కదిలేది. నిరపరాధిని విప్పి నీళ్లలో పడేశావు.

ఈ మాట రాసి, నీ మీద గెలిచానని కాసేపు సంతోషంగా కూర్చున్నాను. ఆ తర్వాత అరగంట అన్నది గుర్తొచ్చింది. నువ్వు అరగంట ఆగలేదు. పది నిమిషాల్లో అమ్మను లారీ ఎక్కించావు. ఫిజిక్స్ తెలిసిన దాన్ని, నేను ఉండుంటే తడిగుడ్డ వేసి, వాచీ చూసుకుంటూ నిలబడేదాన్ని.

ఇంకొకటి. ఇది చెప్పకుండా ఈ ఉత్తరం మూయలేను.

ఆసుపత్రిలో మూడో రోజు నేను డాక్టరును వరండాలో ఆపి అడిగాను, గంట ముందు తెచ్చుంటే బతికేదా అని. "గంట కాదమ్మా, మీ ఇల్లు ఈ ఆసుపత్రి పక్కనే ఉన్నా ఇంతే. రక్తం చిట్లిన చోటు అట్లాంటిది. ఎవరూ ఏమీ చేయలేరు" అన్నాడు. నువ్వు అప్పుడు కింద మందుల షాపులో ఉన్నావు. నీకు చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, ఈ మూడేళ్లలోనూ చెప్పలేదు.

ఎందుకని అడుగుతావు. అమ్మ పడిపోవడానికి ముందు వారంలో మూడుసార్లు ఫోన్ చేయించింది, ఒకసారి వచ్చి పో అని. నేను పేపర్లు దిద్దుతున్నాను. రేపు, ఎల్లుండి అన్నాను. నీ తప్పు ఎంత పెద్దదైతే నాది అంత చిన్నదిగా కనిపించేది. అంతే. ఇందులో గొప్ప కారణమేమీ లేదు.

అక్క


కోడుమూరు,
22 ఏప్రిల్ 2025

అక్కా,

నీ ఉత్తరం ఉగాది అయిన మూడు రోజులకు చేరింది. చదివి మడిచి బీరువాలో పెట్టాను. మళ్లీ తీయడానికి ఇరవై రోజులు పట్టింది. హులిగెమ్మ చదివి, "ఇట్లాంటి అక్కను నేను సూడలేదు" అంది. నేను చూశాను, నాకు ఒకతే ఉంది.

మూడేళ్లు. నీ చదువు, నీ మెడల్స్, నీ కళ్లద్దాలు, పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టే నీ గొప్పతనం, ఇన్ని పెట్టుకుని నువ్వు చేసిన పని ఏమిటంటే ఒక్క మాటను మూడేళ్లు నోట్లో బిగబట్టుకున్నావు. నేను కారు తోలడం మానేశాను, తెలుసా? షాపు టెంపో కూడా తోలను. అడిగినవాళ్లకు కళ్లు సరిగా కనపడవని చెబుతాను. నా కళ్లకు ఏమీ కాలేదు. క్లచ్ మీద కాలు పెడితే "కారు చెడిందా నాయనా" అని వినపడుతుంది. ఇది నీకు తెలియదు. తెలియకపోయినా, ఒక్క కార్డు ముక్క రాసుంటే సరిపోయేది. చదువు లేని వాడిని, తప్పు చేస్తే నా చేతులు కాలతాయి, నీళ్లలో పారేస్తాను, అబద్ధమాడతాను. చదువుకున్న వాళ్ల తప్పు ఇంత శుభ్రంగా, వరండాలో, ఇస్త్రీ చీరలో జరుగుతుందని నాకు తెలియదు.

నిన్ను క్షమించలేదు. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

గొట్టం మార్చి, పొగగొట్టానికి దూరంగా తిప్పించి, మళ్లీ పాత పంపుతోనే పోదామని నీ ఆలోచన అయ్యుంటుంది. అక్కడే నీ ఫిజిక్స్ అయిపోతుంది. ఈ సీమలో పొలం ఉన్న ఏ మనిషినైనా అడుగు. పాతకాలం మోటారు బావి గట్టు మీద కూర్చుని నీళ్లు పీల్చేది. నీళ్లు కిందికి పోయాయంటే గాలి పట్టి నిలిచిపోయేది, మనిషి దిగి బిందెలతో నీళ్లు పోసి మళ్లీ లేపాలి. ఇప్పుడు మోటారును బోరు అడుగుకు దించుతాము. అది పీల్చదు, కింద నుంచి తోస్తుంది. తోసేదానికి గాలి పట్టదు. నీ కారులో పంపు గట్టు మీద కూర్చుంది. దాన్ని ట్యాంకు పక్కన పెట్టు. చిన్న కరెంటు పంపు, కార్బురేటర్ తట్టుకునే తక్కువ ఒత్తిడిది, వెనక నుంచి పెట్రోలు తోస్తుంది. మిగిలింది ఇంకో సన్న గొట్టంలో మళ్లీ ట్యాంకుకు తిరిగి పోవాలి. పారే నీళ్లు కాగవు, పెట్రోలూ అంతే. స్పిరిట్ పెట్రోలుకు కరగని కొత్త రబ్బరు వేయాలి. పాత పంపు డిక్కీలో పెట్టుకో, కొత్తది చస్తే దాన్ని బిగించుకోవచ్చు. కార్బురేటర్ నీ మాట ప్రకారమే ఉంటుంది. చేతికి లొంగేది కావాలన్నావు చూడు, ఆ ఒక్కటీ సరిగా చెప్పావు. అది చదివాకే రంగనాథ్ లాంటి వాడి చేతికి నిన్ను అప్పజెప్పడం నాకూ నచ్చలేదు.

సరైన కార్బురేటర్ ఆదోనిలో ఒక మూలపడిన అంబాసిడర్ నుంచి విప్పించాను. చీటీ ఏమీ లేదు, వెతుక్కో. ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను, నేనే బిగిస్తాను. ఆ తర్వాత నాగపూర్ కూడా వస్తాను. నువ్వే తోలు, నేను పక్కన కూర్చుంటాను. నిన్ను తిట్టాల్సింది మూడేళ్లది ఉంది, దానికి ఉత్తరాలు చాలవు. తొమ్మిది వందల కిలోమీటర్లయితే సరిపోవచ్చు.

సోమశేఖర్


కడప,
25 ఏప్రిల్ 2025

సోమూ,

రా. స్పానర్లు తెచ్చుకో, నావి ముట్టుకోనివ్వను. బావి మోటారు సంగతి సరైనదే. ముప్పై ఐదేళ్లు పాఠం చెప్పిన నాకు అది తట్టలేదు. ఈ మాట ఇంకోసారి అనను, ఈ కాగితం దాచుకో.

తిట్లు మాత్రం ఘాట్ రోడ్డు మీద వద్దు. గేరు మార్చేటప్పుడు నాకు వినపడదు.

అక్క


కోడుమూరు,
19 మే 2025

అక్కా,

ఇల్లు చేరాను. హులిగెమ్మ నన్ను చూసి, "ఎవరు గెలిసినారు?" అని అడిగింది. కారు గెలిచిందని చెప్పాను.

నీ డ్రైవింగ్ గురించి మొహం మీద చెప్పింది చాలదు, రాతలో కూడా ఉండాలి. నువ్వు క్లచ్ మీద కాలు తీయవు. లారీని దాటేటప్పుడు దానికి కూడా పాఠం చెబుతావు. కామారెడ్డి దాటాక పంపు ఆగినప్పుడు, ఫ్యూజు పోయిందని నేను చూసి చెప్పేదాకా సిద్ధాంతం మాట్లాడుతూ కూర్చున్నావు. ఫ్యూజు మార్చడానికి పట్టింది నాలుగు నిమిషాలు, సిద్ధాంతానికి పదిహేను. మిగతా దారిలో ఆదిలాబాద్ ఎండకు నా తల మరిగింది గాని పెట్రోలు మరగలేదు.

నాగపూర్‌లో నాన్న చీరలు వేసిన షాపు ఫోన్ల షాపు అయిపోయింది, ఆయన పేరు ఎవరికీ తెలియదు. నీకు బాధ కలిగినట్టుంది. నాకు కలగలేదు. నీకు ఒకటి చెప్పాలి. పదకొండు సార్లు పోయినా నేను ఆ ఊరు చూడలేదు. నాన్న షాపులు తిరిగేవాడు, నన్ను మూటలకు కాపలాగా కార్లో కూర్చోబెట్టేవాడు. నారింజలు కూడా ఆయన తెచ్చి కిటికీలోంచి ఇచ్చినవే. నువ్వు యాభై ఏళ్లు కుళ్లుకున్నది దానికి. మొన్న నీతోనే మొదటిసారి ఆ ఊళ్లో నడిచాను.

తిట్లు హైదరాబాదు దాకానే వచ్చాయి. అన్నీ అయిపోయాయి. ఇంకా ఉంటాయనుకున్నాను, వెతికినా దొరకలేదు. ఆ తర్వాత డాక్టరు ఏమన్నాడో మళ్లీ చెప్పమని అడిగాను. నువ్వు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పావు. నిర్మల్‌లో టీ దగ్గర ఇంకోసారి అడిగాను. నాగపూర్ లాడ్జిలో ఒకసారి. తిరుగు దారిలో ఒకసారి. నాలుగు సార్లూ నువ్వు విసుక్కోలేదు, ఒక్క పదం మార్చలేదు. ఆసుపత్రి పక్కనే ఇల్లు ఉన్నా ఇంతే అని, అవే మాటలు. నాలుగోసారి విన్నాక నీ మొహం చూడకుండా కిటికీ వైపు తిరిగి పడుకున్నాను. నిద్రపోయానని నువ్వు అనుకున్నావు.

నిన్న షాపు టెంపో నేనే తోలుకుని ఒక మోటారు దింపి వచ్చాను. పెద్ద దూరం కాదు, మూడు కిలోమీటర్లు. మధ్యలో ఒకచోట పక్కకు ఆపాల్సి వచ్చింది. మళ్లీ తోలాను.

నీ మీద కోపం అట్లాగే ఉంది. అది వేరే సంగతి. డాక్టరు మాట నాకు ఐదోసారి కావలసి రావచ్చు. అప్పుడు ఉత్తరం రాయను, ఫోన్ చేస్తాను. నా నంబరు మళ్లీ రాసి పెట్టుకో.

నీ తమ్ముడు
సోము